గడియారాలాయన్ని నేను బతికించిన కథ

అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో నేను దేనికి భయపడలేదో చెప్పడం తేలిక. పప్పు కుక్కరుకి భయపడలేదు. మిగతా అన్నిటికీ భయపడ్డాను. ఫోన్ మోగితే అవతల ఎవరో గబగబా ఇంగ్లీషు మాట్లాడతారని భయం. మెట్ల మీద గడ్డకట్టిన మంచు అంటే భయం. తలుపు దానంతటదే తాళం పడిపోతుందని చెత్త పారేయడానికి వెళ్ళేటప్పుడు కూడా తాళంచెవి చీర కొంగుకి ముడేసుకునేదాన్ని. డెబ్బైల చివర, డెట్రాయిట్ పక్కన నోవైలో మేమున్న అపార్ట్‌మెంట్ల చుట్టూ ఇంకా పొలాలుండేవి. మా ఆయన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. చీకటితో వెళ్ళి, చీకటిపడ్డాక వచ్చేవారు. డ్రైవింగ్ నేర్చుకోమని ఆయన అనడం, నేను తల ఊపడం, ఇద్దరం ఆ సంగతి మరిచిపోవడం వారానికోసారి జరిగేది.

నా కాళ్ళ మీద నేను వెళ్ళగలిగినవి రెండే చోట్లు. ఒకటి మా బిల్డింగ్ అడుగున బట్టలుతుక్కునే గది. రెండోది పది నిమిషాల నడకలో ఉన్న లైబ్రరీ. చదువు మీద మోజుతో లైబ్రరీకి వెళ్ళానని ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గాని, అది అబద్ధం. వెచ్చగా ఉంటుందని వెళ్ళాను. అక్కడ వేడిగాలి వచ్చే చోట ఒకటే కుర్చీ ఉండేది. దాంట్లో కూర్చుంటే చెయ్యి చాపినంత దూరంలో ఉన్న బీరువా చేపలు పట్టే పుస్తకాలది. అక్కడ వంటల పుస్తకాలు పెట్టి ఉంటే నేనీపాటికి కేకులు చేస్తూ ఉండేదాన్నేమో.

మా పుట్టింట్లో చేపల బుట్ట వీధిలోకి వస్తే కిటికీ తలుపులు వేసేవారు. అలాంటిదాన్ని ఆ బీరువాలోంచి ఒక పుస్తకం తీశానంటే, ఒళ్ళో ఏ పుస్తకమూ లేకుండా అంతసేపు కూర్చుంటే లైబ్రరీ ఆవిడ లేచి పొమ్మంటుందేమోనన్న భయంతో తీశాను. అది కథల సంపుటి. కథలన్నీ ఫ్లై ఫిషింగ్ గురించే. అంటే గాలానికి వానపాము గుచ్చడం కాదు. ఈకలూ, దారం ముక్కలూ, కుందేలు వెంట్రుకలూ కలిపి గోరంత దొంగ పురుగును కట్టి, దాన్ని నీటి మీద ఇప్పుడే వాలిన పురుగులా వేసి, ట్రౌట్ అనే చేపను మోసం చేయడం. పూలు కట్టడం తెలిసిన చేతులకి ఆ ముడుల వర్ణన వెంటనే అర్థమైంది. మొదటి కథలో ఒక మంగలి తన దుకాణంలో ఊడ్చిన జుట్టుతో పురుగులు కడతాడు. ఊళ్ళో ఎవరి జుట్టుతో కట్టిన పురుగుకి చేప పడుతుందో రాసుకుంటాడు. చివరికి చేప పడేది ఆయనకి బొత్తిగా పడని ఒక షావుకారు జుట్టుకే. నేను పైకి నవ్వాను. లైబ్రరీ ఆవిడ తలెత్తి చూసింది గాని పొమ్మనలేదు.

ఆ తరవాత ఆ బీరువా నాదైపోయింది. పుస్తకాలు బట్టలుతుక్కునే గదికి కూడా తెచ్చుకునేదాన్ని. ఒక కథ చదివేలోపు డ్రయర్ ఆగేది. ఇంకో కథ మొదలుపెట్టడానికి ఉతికిన దుప్పటిని మళ్ళీ ఉతికిన రోజులున్నాయి. ఆ కథల్లో పెద్దగా ఏమీ జరగదు. ఒక మనిషి పొద్దున్నే ఏటికి వెళ్తాడు. గుండెల దాకా వచ్చే రబ్బరు లాగు తొడుక్కుని నీళ్ళలో నిలబడతాడు. ఇంటికెళ్ళి చెప్పాల్సిన అబద్ధాలు ఆలోచిస్తాడు. చేప వస్తుంది, లేదా రాదు. వస్తే సగం కథల్లో చేతిలోకి తీసుకుని, ఓసారి చూసి, వదిలేస్తాడు. వదిలేయడం చదివాక నా మనసులో ఉన్న కాస్త అపరాధభావం కూడా పోయింది. తినకుండా వదిలేస్తే అది మాంసాహారం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

నన్ను నిజంగా కట్టిపడేసింది మాత్రం భయమే. ఏడేళ్ళప్పుడు కాలవ రేవులో కాలుజారి మునిగాను. ఎవరో జడ పట్టుకుని పైకి లాగారు. అప్పటినుంచి బకెట్ కంటే లోతైన నీళ్ళని నమ్మలేదు. ఈ కథల్లో మనుషులేమో పరుగెత్తే నీళ్ళలో నిలబడి, కాలి కింద రాయి కదులుతుంటే, ఈక రంగు గురించి ఆలోచిస్తారు. ఇంటి దగ్గర భార్య మాట్లాడదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, మోకాళ్ళు నొప్పి. అవన్నీ ఒడ్డున వదిలేసి, ప్రాణం పోయే చోటికి వెళ్ళి ప్రశాంతంగా ఉంటారు. నేనేమో ఏ ప్రమాదమూ లేని అపార్ట్‌మెంట్‌లో వణుకుతూ ఉంటాను. వాళ్ళ కాలి కింద రాయి కదిలినప్పుడల్లా నా అరికాళ్ళలో జలదరింపు పుట్టేది. పుస్తకం మూస్తే ఆ భయం పోయేది. నా జీవితంలో మూసి పక్కన పెట్టగలిగిన భయం అదొక్కటే, అందుకే దానికోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

మా ఆయన ఈ పిచ్చిని చూసి, “గోంగూర తినేవాళ్ళకి ట్రౌట్ గొడవేంటి” అనేవారు. అంటూనే రాత్రి భోజనాల దగ్గర ఆ మంగలి ఏమయ్యాడని అడిగేవారు.

ఎనభైల మొదట్లో ఒక వేసవికి మా మామగారు వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. అప్పటికి మా అత్తగారు పోయి ఏడాదిన్నర. ఆయన గోదావరి కాలవల మీద లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళు ఎంత వదలాలి, ఎప్పుడు ఆపాలి, ఏ తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలి అన్నదే ముప్పై ఏళ్ళు ఆయన పని. కళ్ళలో శుక్లాలు ముదరలేదని డాక్టర్లు ఆపరేషన్ వాయిదా వేశారు. పెద్ద అక్షరాలు తప్ప కనబడేవి కావు. మా దగ్గర తెలుగు పుస్తకాలు నాలుగే ఉన్నాయి. అవి రెండు వారాల్లో అయిపోయాయి. ఒక సాయంత్రం ఏం చెయ్యాలో తోచక, లైబ్రరీ పుస్తకం తెరిచి, చూసిన ఇంగ్లీషుని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ మంగలి కథ వినిపించాను.

ఆయన చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నారు. “ఏటి వెడల్పు ఎంతన్నాడు” అని అడిగారు.

చెప్పాను.

“లోతు?”

అదీ చెప్పాను.

“వాలు సంగతి రాయలేదా? సర్లే. ఇతను నీళ్ళు చూసినవాడే. రేపు ఇంకోటి చదువమ్మా.”

ఆ రోజునుంచి సాయంత్రం ఐదింటికి కథ. ఆయన సోఫాలో, నేను కింద కార్పెట్ మీద. రచయితలందరికీ ఆయన పరీక్ష పెట్టేవారు. వంతెన కింద సుడి ఏ పక్క తిరుగుతుందో తప్పు రాసినవాణ్ణి, “వీడు ఇంట్లో కూచుని రాసేడు” అని పక్కన పెట్టేశారు. ఒప్పు రాసినవాణ్ణి తన దగ్గర కాలవ తలుపులెత్తే పని చేసిన లస్కరుని మెచ్చుకున్నట్టు మెచ్చుకునేవారు. ఆ ఇంట్లో ఎవరి నోటినుంచీ అత్తగారి మాట వచ్చేది కాదు. ఆ మాట వస్తే ఆయన ఏమైపోతారోనని మా ఆయనకీ నాకూ భయం. కథ ఉన్నంతసేపు ఆ భయం కూడా ఉండేది కాదు.

కథ ఆరింటికి ముగించాలి. అది నేను పెట్టుకున్న నియమం. అక్కడ వేసవిలో తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది గాని, మా ఇంట్లో గడియారాన్నిబట్టి ఆరింటికే సంధ్య. వంటింటి అలమరలో దేవుడి దగ్గర దీపం పెట్టేదాన్ని. దీపం పెట్టే వేళకి ఇంట్లో అశుభం పలకకూడదని మా అమ్మ నేర్పిన పాఠం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ, దీపం ఆరిపోతే కొండెక్కిందనీ అనే ఇంట్లో పెరిగాను. బయటికి వెళ్తూ వెళ్తున్నానని అన్నందుకు చిన్నప్పుడు నాకు మొట్టికాయలు పడ్డాయి, వెళ్ళొస్తాననాలి. ఈ పుస్తకాలు రాసినవాళ్ళకి ఆ పట్టింపు లేదు. చేపకోసం వెళ్ళినవాళ్ళు ఒక్కోసారి తిరిగి రారు. అలాంటి చోటు వస్తే నేను వాళ్ళని తిరిగి రప్పించేదాన్ని. ఎదురుగా భార్య పోయిన మనిషి కూర్చుని ఉన్నాడు, పక్కన దీపం వేళ అవుతోంది. ఒక వాక్యం మారిస్తే ఎవరికి నష్టం అనుకున్నాను.

గడియారాలు బాగుచేసే ఒకాయన కథ అలాంటిదే. పై నుంచి ఒక డ్యాము నీళ్ళు వదులుతూ ఉంటుంది. వదిలే ముందు సైరన్ మోగుతుంది. మోగగానే ఒడ్డుకి రావాలి. ఆ రోజు ఆయన ఏటి నడుమ ఉండగా, ఏళ్ళ తరబడి చూస్తున్న పెద్ద చేప మొదటిసారి పైకి వస్తుంది. సైరన్ మోగుతుంది. ఇంకొక్కసారి విసురుదాం అనుకుంటాడు. ఇంకొక్కసారి. ఎదురుగా ఉన్న రాయి ఎక్కుతాడు. నీళ్ళు ఆయన్ని ఆ రాయి మీదనుంచి తీసుకుపోతాయి. మూడో రోజు టోపీ దొరుకుతుంది.

కాలవ రేవు గుర్తొచ్చింది. గోడ మీద గడియారంలో ఆరుకి ఐదు నిమిషాలు. తల ఎత్తకుండానే చెప్పేశాను. “ఆయన ఆ రాయి మీద మఠం వేసుకుని కూర్చున్నాడు మామయ్యగారూ. నీళ్ళు చుట్టూ తిరిగి పోయాయి. సాయంత్రానికి తగ్గాక దిగి ఇంటికి వెళ్ళాడు.”

“చేప?”

“వెళ్ళిపోయింది.”

“రాయి మీద నీటి మరక చూసుకుని ఉంటాడు. దాన్ని దాటి రాదని తెలిసినవాడు. మంచి పని చేసేడు” అన్నారు. నేను లేచి దీపం పెట్టాను.

జూలైలో ఒక శనివారం మా ఆయన మమ్మల్ని ఉత్తరానికి, మూడు గంటల దూరంలో ఉన్న ఒక ఏటి దగ్గరికి పిక్నిక్‌కి తీసుకెళ్ళారు. కథల్లో వాళ్ళు నిలబడే నీళ్ళు ఎలా ఉంటాయో చూడాలని మామగారే అడిగారు. పుస్తకంలో ఉండాల్సిన ఏరు బయట ఉంటుందంటేనే నాకు భయం వేసింది.

ఏరు మాత్రం అమాయకంగా ఉంది. నీళ్ళు పలచగా, రాళ్ళ మధ్యనుంచి పోతున్నాయి. సగం రాళ్ళు పొడిగా పైకి కనబడుతున్నాయి. ఏటి మధ్యలో నడుము ఎత్తున, పైన చదునుగా ఒక పెద్ద రాయి. దిగువన ఒక తెల్లాయన రబ్బరు లాగుతో మోకాళ్ళ లోతులో నిలబడి దారం విసురుతున్నాడు. అచ్చం కథల్లోలాగే దారం గాలిలో ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి సాగుతోంది. ఒడ్డున ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంది. ఎగువన డ్యాము ఉందనీ, సైరన్ మోగితే వెంటనే నీళ్ళలోంచి బయటికి రావాలనీ రాశారు. చదివి మామగారికి చెప్పాను.

“తలుపులెత్తే ముందు మేమూ కూత పెట్టించేవాళ్ళం” అన్నారాయన. “నీళ్ళు ఇక్కడికి చేరేసరికి గంట పడుతుంది. కంగారు దేనికి?”

మొక్కజొన్న పొత్తులు, బొగ్గులు అన్నీ తెచ్చి అగ్గిపెట్టె మరిచిపోయాం. మా ఆయన కారు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళారు. మామగారు పంచె పైకి కట్టుకుని లేచారు. పారే నీళ్ళు చూసి మూడు నెలలైందనీ, కాళ్ళు తడుపుకుని, సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి వస్తాననీ అన్నారు. వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు. నీళ్ళతోనే ముప్పై ఏళ్ళు గడిపిన మనిషికి నేను చెప్పేదేముంది? రాళ్ళ మీద అడుగులేసుకుంటూ, పిల్లకాలవ దాటినంత తేలిగ్గా నడిమి రాయి దగ్గరికి వెళ్ళారు. దోసిటితో మూడుసార్లు నీళ్ళు వదిలారు. తరవాత ఆ రాయి ఎక్కి నిలబడి, రెండు చేతులూ నడుముకి పెట్టుకుని ఎగువకి చూశారు. తనిఖీకి వచ్చినట్టే ఉన్నారు.

అప్పుడు సైరన్ మోగింది.

నోవైలో ప్రతి నెలా మొదటి శనివారం సుడిగాలి సైరన్ పరీక్షకి మోగుతుంది. నేను ప్రతిసారీ ఉలిక్కిపడటం, మామగారు నన్ను చూసి నవ్వడం అలవాటైపోయింది. ఇప్పుడూ ఆయన నావైపు తిరిగి నవ్వి, కంగారు పడకన్నట్టు చెయ్యి ఊపారు. నేను దిగువకి చూశాను. దారం విసిరే తెల్లాయన ఇంకొక్కసారి విసరలేదు. దారం చుట్టుకోను కూడా చుట్టుకోలేదు. కర్ర చంకలో పెట్టుకుని, దారం వెనకాల ఈడ్చుకుంటూ, తలవంచుకుని గబగబా ఒడ్డుకి నడిచాడు. నేను చదివిన అన్ని కథల్లోనూ ఒక్కడు కూడా అలా వెళ్ళలేదు. సైరన్ కంటే అది చూసి నాకు ఎక్కువ భయం వేసింది.

“మామయ్యగారూ, వచ్చేయండి” అన్నాను.

“వస్తా” అని ఆయన ఎగువకే చూస్తున్నారు.

గంట పట్టలేదు. పది నిమిషాలు పట్టిందో లేదో. చప్పుడేం లేదు. ఆయన అడుగులేసుకుంటూ వెళ్ళిన రాళ్ళలో అన్నిటికంటే చిన్నది కనబడలేదు. నా కళ్ళే పొరబడ్డాయనుకున్నాను. పక్కది తడిసింది, అదీ కనబడలేదు. నీళ్ళ రంగు మారింది. అడుగున రాళ్ళు కనబడటం మానేశాయి. మళ్ళీ పిలిచాను. ఈసారి గొంతు చీరుకుపోయింది.

ఆయన కిందికి చూశారు. నీళ్ళు చూసి ఆయన కూడా ఒక్క క్షణం ఆగారు. తరవాత తాపీగా పంచె సర్దుకుని ఆ రాయి మీద మఠం వేసుకుని కూర్చున్నారు.

“ఇప్పుడు దిగితే ఇబ్బందమ్మా. ఇక్కడ కూచుంటా” అని కేకవేశారు. “గడియారాలాయన కూచోలేదూ? మరక కూడా చూసేను. ఇంతదాకా రాదు. సాయంత్రానికి నీరు తీసేస్తుంది.”

నాకు అర్థమైంది. ఆయన్ని ఆ రాయి మీద కూర్చోబెట్టింది నేను. డ్యాము కాదు, శుక్లాలు కాదు. దీపం వేళకి ఒక మాట పలకలేక నేను కల్పించిన వాక్యం మీద ఆయన మఠం వేసుకుని కూర్చున్నారు.

“అది కథ మామయ్యగారూ” అన్నాను.

“కథే. నీళ్ళు చూసినవాడు రాసేడు కదా.”

“అది ఆయన రాయలేదు. నేను చెప్పాను.”

నీళ్ళ హోరు మొదలైంది. ఆయనకి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. పెద్దాయన, అందులోనూ నీళ్ళ మధ్య కూర్చున్న మనిషి, ఆయన్ని చూస్తూ ఆ మాట ఎలా అనడం? అంటే అదే జరుగుతుందేమోనని భయం. ఆ క్షణంలో కూడా ఆ భయం నన్ను వదల్లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు గాని, నీళ్ళు పెరుగుతుంటే నేను అక్కడ నిలబడి ఆ మాటకి వేరే మాట వెతుక్కున్నాను. పరమపదించాడనాలా, కాలం చేశాడనాలా అని.

రాయి చుట్టూ నురగ కట్టింది.

“ఆయన చచ్చిపోయాడు” అని అరిచాను. “పుస్తకంలో ఆయన చచ్చిపోయాడు మామయ్యగారూ. ఆ రాయి మీదనుంచే కొట్టుకుపోయాడు. నేను మార్చి చదివాను.”

ఈసారి వినబడింది. ఆయన మొహంలో నవ్వు పోవడం అంత దూరంనుంచి కూడా చూశాను. లేచి నిలబడ్డారు.

దిగితే తొడల దాకా వచ్చింది నీరు. నేను చదివినవన్నీ నోట్లోంచి వాటంతటవే వచ్చాయి. ఎదురు తిరగండి, ప్రవాహానికి ఎదురుగా. అడుగు ఎత్తకండి, జరపండి. ఒక కాలు కుదిరాకే రెండో కాలు. ఎన్ని కథల్లో ఎంతమంది చేత ఆ పని చేయించానో, ఇప్పుడు ఆయన చేత చేయిస్తున్నాను. ఆయన విన్నారు. చిన్న పిల్లాడిలా ఒక్కో మాటకి ఒక్కో అడుగు జరిపారు. సగం దూరం వచ్చాక కాలు జారింది. ఒక పక్కకి ఒరిగి, చెయ్యి నీళ్ళలో పెట్టి మళ్ళీ నిలదొక్కుకున్నారు. భుజం మీది ఉత్తరీయం కొట్టుకుపోయింది. నేను ఎప్పుడు నీళ్ళలోకి దిగానో నాకు తెలియదు. మోకాళ్ళ దగ్గర చీర బరువై, ఎముకల్లోకి చలి దిగినప్పుడు తెలిసింది. వెనకనుంచి ఎవరో నా జబ్బ గట్టిగా పట్టుకున్నారు. దిగువన చూసిన తెల్లాయన. రెండో చేత్తో, ఏట్లో నడవడానికి వాడే తన ఊతకర్ర నా పక్కనుంచి ముందుకి చాపాడు. మామగారు దాని కొస అందుకున్నారు.

ముగ్గురం ఒడ్డున గడ్డిలో కూలబడ్డాం. కాసేపటికి నీళ్ళు ఆ రాయి మీదికెక్కాయి. మరకని దాటాయి. మేం చూస్తుండగానే రాయి ఉన్న చోట నీళ్ళు ఒక మూపురంలా ఎత్తుగా మాత్రం పారాయి. నా పళ్ళు టకటకమంటుంటే ఆపలేకపోయాను.

తెల్లాయన ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి మామగారికిచ్చాడు. నన్నడిగాడు, ఆయన్ని లేవదీయడానికి ఏం చెప్పావని. ఒక కథ చివర ఎలా ఉందో చెప్పానన్నాను. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ళందరూ కథలు చెప్పేవాళ్ళేనని నేను అనుకునేదాన్ని. ఈయన తల ఊపి, మూత తిరిగి తీసుకుని, ఇంకొక్క మాట లేకుండా వెళ్ళిపోయాడు. మా ఆయన అగ్గిపెట్టెతో వచ్చి, తడిసిన మా ఇద్దర్నీ చూసి అక్కడే ఆగిపోయారు. ఇంటికి వెళ్ళేదాకా జూలై నెలలో కార్లో హీటర్ వేసుకున్నాం.

మర్నాడంతా మామగారు మాట్లాడలేదు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. నిన్నటి నీళ్ళ కంటే ఆ మౌనానికి ఎక్కువ భయపడ్డాను. టిక్కెట్ మార్పించమంటారేమో, ఇంక నా మాట నమ్మరేమో అనుకుంటూ అన్నం పెట్టాను, మజ్జిగ పోశాను. ఆయన తల ఎత్తలేదు. ఐదైంది. సోఫా కిర్రుమన్న చప్పుడు వినబడింది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. వెళ్ళి ఎదురుగా కార్పెట్ మీద కూర్చున్నాను. పుస్తకం తీసుకెళ్ళలేదు.

“ఇంకెంతమందిని బతికించేవమ్మా” అని అడిగారు.

లెక్క వేసుకున్నాను. “ముగ్గుర్ని” అన్నాను. తరవాత, దాచడం ఎందుకని, “ఒక కుక్కని కూడా” అన్నాను.

ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. కోపమూ లేదు. కిటికీవైపు తిరిగారు.

“మీ అత్తగారప్పుడు” అన్నారు. మా ఇంటికి వచ్చాక ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. “డాక్టరూ, మా తమ్ముడూ, అందరూ తగ్గిపోతుందనే చెప్పేరు. మీరు ఇంటికెళ్ళి స్నానం చేసి భోంచేసి రండి అన్నారు. వాళ్ళకి తెలుసు. నాకు చెప్పలేక అలా అన్నారు. నేను వెళ్ళేను.”

అక్కడితో ఆపేశారు. తగ్గిపోతుందన్నవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ చోట నేనుంటే నేనూ అదే చెప్పి ఉండేదాన్ని. ఆ సంగతి తెలిసి సిగ్గుతో తలొంచుకున్నాను.

“పుస్తకం తీసుకురా. గడియారాలాయన దగ్గర మొదలెట్టు. ఉన్నదున్నట్టు చదువు.”

తెచ్చాను. మొదటినుంచి చదివాను. నిన్న చూసిన నీళ్ళు ప్రతి వాక్యంలోనూ ఉన్నాయి. ఆ రచయిత నిజంగా చూసినవాడే. సైరన్ దగ్గరికి వచ్చాను. గోడ మీద గడియారం ఆరు చూపిస్తోంది. పేజీలో వేలు పెట్టి లేవబోయాను.

“దీపం తరవాత పెడుదువుగాని. ముందు ఆయన్ని పోనియ్యి” అన్నారు మామగారు.

కూర్చున్నాను. గడియారాలాయన రాయి ఎక్కాడు. నీళ్ళు వచ్చాయి. చచ్చిపోయాడని చదివాను, టోపీ మూడో రోజు దొరికిందని చదివాను. మామగారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నేను బతికించినవాళ్ళలో తరవాత కథ ఎవరిదని అడిగారు.